కొత్తరేవులో లేని చేప

తొమ్మిదేళ్ళ కిందట తాను అచ్చువేసుకున్న ఆరు పేజీల వ్యాసాన్ని లోకంలో ఎవరైనా చదివారని కృపామణికి ఆ రోజు వరకూ తెలియదు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆమె జువాలజీ చెబుతుంది. సెకండియర్ పిల్లలకి ప్రాక్టికల్స్ చేయిస్తుండగా ఫోను మోగింది. తెలియని నంబరు.

"నమస్తే మేడమ్, నా పేరు వెంకటదుర్గ. చెన్నైలో చేపల మీద రీసెర్చ్ చేస్తున్నాను. గోబీల మీద మీ పేపరు చదివాను. మీరు దొరకడమే కష్టమైంది."

కృపామణి ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చింది. ఆ అమ్మాయి ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉంది. గోబీలంటే ఒడ్డు దగ్గరి నీళ్ళలో, ఏరు సముద్రంలో కలిసే మొగల్లో ఇసుకనీ రాళ్ళనీ కరుచుకుని బతికే చిన్న చేపలు. మన జాలర్లు ఇసుకదొందులంటారు. వాటిలో వందల రకాలున్నాయి. ఆ రకాల్లో సిలూఎట్టియా అనే ప్రజాతి చేపలు మరీ చిన్నవి, అంగుళం దాటవు. ఒళ్ళంతా ఇసుక రంగు. ఇసుకలో దూరి కళ్ళు మాత్రం పైకి పెట్టుకుంటాయి. కృపామణి వ్యాసం ఆ చేపల గురించే. యలమంచిలికి కింద, సముద్రపు ఒడ్డున ఉన్న కొత్తరేవు ఉప్పుటేటి మొగలో అలాంటివి ఐదు దొరికాయని అందులో ఉంది.

"ఆ ఏట్లో అవి ఇంకా ఉన్నాయేమో చూడాలని వస్తున్నాను మేడమ్. మీరు కూడా నాతో ఒక్క రోజు వస్తే నా అదృష్టం."

"పరీక్షలమ్మా ఇక్కడ. కదలడానికి వీల్లేదు," అంది కృపామణి. పరీక్షలకి ఇంకా నెలన్నర ఉంది. "అక్కడ మత్స్యలింగం గారని ఒకాయన ఉన్నారు. ఆ ఏరు ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా పేరు చెప్పండి."

ఫోను పెట్టేశాక ఆమె లాబ్‌లోకి వెంటనే వెళ్ళలేకపోయింది. వరండా పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. ఆ ఐదు చేపలూ కొత్తరేవులో దొరకలేదు. అవి ఎక్కడ దొరికాయో ఆమెకే తెలియదు.

*

పీహెచ్‌డీ చేసిన ఆరేళ్ళూ ఆమె సెలవు దొరికితే చాలు యలమంచిలి బస్సెక్కేది. అక్కడి నుంచి కొత్తరేవుకి ఆటో. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్ళంతా నవ్వారు. తినడానికి పనికిరాని చేపల కోసం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళలో దిగే ఆడమనిషిని వాళ్ళెప్పుడూ చూడలేదు. నవ్వకుండా దగ్గరకొచ్చింది మత్స్యలింగం ఒక్కడే. అప్పటికి ఆయనకి యాభై అయిదు దాటాయి.

"ఆ నిలబడ్డం కాదమ్మా. నీ నీడ నీటి మీద పడతన్నాది. ఎండకి ఎదురు తిరుగు. ఇప్పుడు ఇసక కేసి సూడు. ఇసక కదుల్తాది సూడు, అదే సేప."

చేపల్ని ఆమె పుస్తకాల్లో చూసింది. నీళ్ళలో చూడడం ఆయన దగ్గరే నేర్చుకుంది. ఏ పోటుకి ఏ చేప పైకొస్తుందో, ఏది రొయ్య బొరియలో కాపురముంటుందో, ఏది రాళ్ళకి పొట్ట అంటించుకుని కూర్చుంటుందో ఆయన చెబుతుంటే రాసుకునేది. మధ్యాహ్నం ఆయన భార్య కామమ్మ అన్నం పెట్టేది. "మా గుంట వొచ్చినాది" అనేది ఆవిడ పక్కింటివాళ్ళతో, తన కూతురు వచ్చినట్టు.

ఆఖరి సంవత్సరం, వర్షాల తర్వాత, ఒకే వారంలో మూడు సీసాల చేపలు పోగయ్యాయి. ఒకటి కొత్తరేవుది. ఒకటి దానికి దక్షిణంగా ఉన్న ఇంకో మొగది. మూడోది యలమంచిలిలో రొయ్యపిల్లలు అమ్మేవాళ్ళ దగ్గర, వాళ్ళ డబ్బాల్లో రొయ్యపిల్లతో పాటు వచ్చిన సన్న చేపల్లోంచి ఒక గుప్పెడు అడిగి తెచ్చుకున్నది. ఆ రొయ్యపిల్ల ఎక్కడెక్కడి నుంచో వస్తుంది. మూడింట్లోనూ స్పిరిట్ పోసి, చీటీలు రాసి లోపల వేసింది. స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది, పెన్సిలుతో రాయాలని పిల్లలకి తనే చెబుతుంది. ఆ రోజు చేతికి బాల్‌పెన్ను దొరికింది.

మర్నాడే కూతురు రాచెల్‌కి జ్వరం మొదలైంది. టైఫాయిడ్ అన్నారు. పిల్ల తేరుకునేసరికి రెండున్నర నెలలు పట్టింది. కృపామణి మళ్ళీ సీసాలు తీసి చూసేసరికి స్పిరిట్ లేత నీలంగా మారింది. చీటీల మీద అక్షరాల్లేవు. ఏ సీసా ఎక్కడిదో తెలిసే గుర్తు లేదు. రెండు సీసాల్లో మామూలు దొందులే. మిగిలిన సీసాలో మాత్రం, మామూలు వాటి అడుగున, తను అంతవరకూ చూడని ఐదు చిన్న చేపలున్నాయి.

అవేమిటో గుర్తుపట్టింది యూనివర్సిటీలో ఆమె గైడు. ఆయన ఫోను చేసి, "అమ్మాయ్, ఇవి మామూలువి కావు. ఎక్కడ పట్టావు?" అని అడిగాడు.

"కొత్తరేవు మొగలో, సార్," అంది.

ఎక్కువసార్లు వెళ్ళింది అక్కడికే కాబట్టి ఆ మాట ముందు నోటికొచ్చింది. అక్కడ ఆగినా సరిపోయేది. చీటీ చెరిగిపోయింది సార్, అని మరుసటి నిమిషంలో అన్నా సరిపోయేది. ఆయన తేదీ అడిగాడు. ఒక తేదీ చెప్పింది. లోతెంత, నీటిలో ఉప్పెంత అని అడిగితే పాత నోటుబుక్కులోంచి ఇంకో రోజు అంకెలు తీసి చెప్పింది. అవన్నీ అలాగే అచ్చయ్యాయి. థీసిస్‌లో ఆ అధ్యాయమే బాగుందన్నారు. డిగ్రీ వచ్చిన ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఆమెని నిలబెట్టి ప్రార్థన చేశారు. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన వాళ్ళ నాన్న, గేటుకి 'డాక్టర్ కృపామణి' అని బోర్డు స్వయంగా రాయించి తెచ్చి మేకులు కొట్టాడు.

పిల్లకి ఒంట్లో బాగోలేదు కాబట్టే అలా జరిగింది అని ఆమె తనకి తాను చెప్పుకునేది. తప్పు తనది, అడ్డం పెట్టుకున్నది జ్వరంతో మంచానపడిన ఎనిమిదేళ్ళ పిల్లని. ఆ సంగతి తెలిసే చెప్పుకునేది.

*

వెంకటదుర్గ కొత్తరేవు వెళ్ళింది. రెండో రోజు మధ్యాహ్నం ఫోను చేసింది.

"మేడమ్, తాతగారికి ఫోటో చూపించాను. ఈ చేప మా ఏట్లో లేదంటున్నారు. ఎప్పుడూ లేదంటున్నారు. నిన్నా ఇవాళా చిన్నకన్ను వలతో లాగాం. రాలేదు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఇంకొకటి ఉండదు. కృపామణికి అది తెలుసు. స్టాఫ్‌రూములో ఆమె ఒక్కతే ఉంది కూడా.

"అవి చాలా చిన్నవి కదమ్మా. మొగ దగ్గర, బాగా దిగువన చూడండి. చలికాలం పొద్దున్న పూట వస్తాయి," అంది.

ఎప్పుడు వస్తాయో ఆమెకేం తెలుసు! ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు మీది బోర్డు వైపు చూడకుండా లోపలికి నడిచింది. తెల్లారి కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కింది. అక్కడికి వెళ్ళాక చెప్పేద్దామనుకుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది.

ఆమె వెళ్ళేసరికి మత్స్యలింగం ఛాతీ లోతు నీళ్ళలో ఉన్నాడు. జనవరి నీళ్ళు. తలకి తువ్వాలు చుట్టుకున్నాడు, పెదవులు నల్లబడ్డాయి. వల రెండో కొస ఆ అమ్మాయి పట్టుకుంది. ఒడ్డున ఏడెనిమిది మంది కూర్చుని చూస్తున్నారు.

"తాతా, బేగి పైకి రా. నీకు కానరాదు గానీ ఆ సేపలు నిన్ను సూసి నవ్వుతన్నాయి," అన్నాడు అందులో ఒకడు. మిగతావాళ్ళు నవ్వారు.

కృపామణిని చూడగానే మత్స్యలింగం వల వదిలి పైకొచ్చాడు. ఒంటి మీది నీళ్ళు కారుతుండగానే అన్నాడు, "అమ్మా, వొచ్చినావా. ఈ పాపగారు ఫోటో సూపించినారు. నాను నేదన్నాను. మా ఏట్లో నేదు అన్నాను. తరవాత నీ పేరు సెప్పినారు. అచ్చులో రాసున్నాదంట గదా. నువ్వు రాసినావంటే ఉంటాది. నాకే కానరాక అలా అనీసినాను. ఏటనుకోకు."

"అది కాదు మావయ్యా..." అంది కృపామణి.

"యాభై ఏళ్ళు ఈ ఏట్లో తిరిగి, ఇందులో ఉన్న సేపని నేదన్నాను," అని ఆయన మళ్ళీ అన్నాడు, ఒడ్డున ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా.

వెంకటదుర్గ పక్కనే నిలబడి వింటోంది. ఇరవై ఆరేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా బురద, ముఖంలో మేడమ్ మీద ఎంతో గౌరవం. కృపామణి బస్సులో కూర్చుకున్న మాటల్లో మొదటిది కూడా బయటికి రాలేదు. "నీళ్ళు మారిపోయాయేమో. తొమ్మిదేళ్ళయింది కదా," అంది. అందరూ ఒప్పుకున్నారు. కామమ్మ అన్నానికి పిలిచింది. పని ఉందని చెప్పి ఆమె వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మత్స్యలింగానికి జ్వరం వచ్చిందనీ నాలుగు రోజులు మంచం దిగలేదనీ తర్వాత తెలిసింది.

*

నెల తిరక్కుండా మత్స్యరాజు ఫోను చేశాడు. మత్స్యలింగం కొడుకు. పడవ ఇప్పుడు అతని చేతిలోనే ఉంది.

"అమ్మగారూ, మా అయ్యకి కళ్ళు సూపించాలండి. మీ ఊళ్ళో మంచి డాక్టరున్నాడంట. మీ ఆయనగారు మందులషాపులో సేస్తారు గదా, కొంచెం సెప్పించండి."

కృపామణి భర్త ప్రేమరాజు మెయిన్ రోడ్డులో మెడికల్ షాపు చూసుకుంటాడు. అతనే దగ్గరుండి తండ్రీకొడుకుల్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు చూసి, ఒక కంట్లో శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోందనీ ఆ వయసుకి ఈయన చూపు చాలా బాగున్నట్టేననీ చెప్పాడు. చుక్కల మందు రాసిచ్చాడు. తర్వాత ముగ్గురూ భోజనానికి ఇంటికి వచ్చారు.

మత్స్యలింగం వాళ్ళింటికి రావడం అదే మొదటిసారి. గేటు దగ్గర ఆగి బోర్డు మీద చెయ్యి పెట్టి, "ఇది నీ పేరా అమ్మా?" అని అడిగాడు. ఆయనకి చదవడం రాదు. అవునంది. ఆయన సంతోషపడ్డాడు.

ముగ్గురికీ వడ్డించింది. ఆయన సగం తిని చెయ్యి ఆపేశాడు.

"డాక్టరు బాగున్నాయన్నాడు కదండీ కళ్ళు. ఇంక బెంగెందుకు?" అన్నాడు ప్రేమరాజు.

"డాక్టరు గోడ మీద అచ్చరాలు సూపించినాడు బాబూ. బొమ్మలు సూపించినాడు. నీటిలో సేపని సూపించినాడేటి?"

మత్స్యరాజు తల వంచుకుని తింటూ చెప్పాడు. "పడవ మీదికి రానివ్వడం నేదండి. అందరూ అంటన్నారు, మీ అయ్యకి కానరాదు, రేపెప్పుడో అల వొచ్చింది కూడా సూడ్డు, నీకే సెడ్డపేరు అని. సిన్నప్పటి నించీ ఆయనే నీటిని సూసి సెప్పేవోడు, ఎటేపు ఎల్లాలో. ఇప్పుడు ఆయన సెప్తే మావోళ్ళు ఇనడం నేదు. ఆయనే సెప్పడం మానేసినాడు."

"మానీక ఏటి సేస్తాను," అన్నాడు మత్స్యలింగం. కృపామణి వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "నీకు కనపడ్డాది, నాకు కనపళ్ళేదు. నీ పక్కనే ఉన్నాను గదా అమ్మా ఆ పొద్దు. వల నా సేతిలోనే ఉండుంటాది. ఎంతాలోసించినా అది ఏ పొద్దో నాకు గేపకం రాదు. కళ్ళే గాదు, బుర్ర కూడా పోతన్నాదేటో."

కృపామణి చారు గిన్నె అందుకుంది. ఇంకాస్త వేయనా అని అడిగింది. గొంతు వణకకుండా అడగగలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్ళు బస్సుకి టైమైందని లేచారు. వెళ్ళేముందు ఆయన సంచిలోంచి ఎండుచేపల పొట్లం తీసి రాచెల్ చేతిలో పెట్టాడు.

వాళ్ళు సందు మలుపు తిరగగానే ఆమె వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూర్చుండిపోయింది. ప్రేమరాజు షాపుకి బయల్దేరుతూ చూశాడు.

"ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

అంతా చెప్పింది. సీసాలు, చీటీలు, గైడుకి చెప్పిన తేదీ, వెంకటదుర్గకి ఫోనులో చెప్పింది, ఒడ్డున చెప్పలేకపోయింది, అంతా. అతను ద్వారం దగ్గరే నిలబడి విన్నాడు. కోప్పడతాడనుకుంది. పోనీలే, ఎవరికి తెలుస్తుంది అంటాడేమోనని కూడా లోపల ఎక్కడో ఆశపడింది.

అతను ఒకటే అడిగాడు. "తెలిసి తెలిసి ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించావా?"

అది అడిగి చెప్పులేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు.

*

రెండు రోజుల తర్వాత ఆదివారం. ఆమె చర్చికి వెళ్ళలేదు. కొత్తరేవు చేరేసరికి పదవుతోంది. మత్స్యలింగం ఇంటి అరుగు మీద కూర్చుని వల కన్నులు కుడుతున్నాడు. కామమ్మ లోపల పొయ్యి దగ్గరుంది.

"ఇదేటమ్మా, సెప్పకుండా వొచ్చినావు?"

ఆమె నిలబడే చెప్పింది. ఈసారి ముందుగా మాటలేమీ కూర్చుకోలేదు. "మావయ్యా, ఆ చేప ఈ ఏట్లో లేదు. మీరన్నదే నిజం. నేను ఇక్కడ పట్టలేదు. ఎక్కడిదో నాకు తెలియదు. చీటీ చెరిగిపోతే మీ ఊరి పేరు రాసేశాను. మీ కళ్ళకేమీ కాలేదు. మీ బుర్రకీ ఏమీ కాలేదు."

ఆయన సూది వలలోనే వదిలేశాడు.

"ఏ పొద్దూ పట్టలేదా?"

"లేదు."

"మరి నాను నీటిలో మూడు రోజులు నిలబడ్డాను గదా. నువ్వొచ్చినావు. సూసినావు."

"చూశాను."

"ఆ పొద్దు తెలుసు గదా నీకు."

"తెలుసు."

కామమ్మ గరిట పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ముఖం చూడలేక కృపామణి నేల వైపు చూసింది. నవ్వులాటకి చెప్పిన అబద్ధమైతే ఆవిడ తిట్టి ఊరుకునేదే. గరిటలోంచి పులుసు చుక్కలు గడప మీద పడుతున్నాయి.

"నాకు సెప్తే ఏటి లాభం?" అన్నాడు మత్స్యలింగం చివరికి. గొంతు పెంచలేదు. "నాకు కానరాదని ఊరందరూ అంటన్నారు. నా కొడుకు అంటన్నాడు. ఆళ్ళకి సెప్పండి."

ఆమెని ఆయన 'అండీ' అనడం అదే మొదలు.

వలల పాక ఒడ్డుకి దగ్గరగా ఉంది. ఆదివారం కాబట్టి వేటకి వెళ్ళనివాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు. కొందరు పేకాడుతున్నారు, కొందరు వలలు విప్పుకుంటున్నారు. మత్స్యరాజు కూడా ఉన్నాడు. తండ్రి ముందు నడిచాడు. ఆమె ఆయన వెనక నడిచింది.

"మేడమ్ గారు మీకేటో సెప్తారంట. ఇనండి," అని మత్స్యలింగం పక్కకి జరిగి రాటకి ఆనుకుని నిలబడ్డాడు.

పద్దెనిమిదేళ్ళుగా రోజుకి నాలుగు క్లాసులు చెప్పే మనిషి. మొదటి మాట ఎవరికీ వినబడలేదు. "గట్టిగా సెప్పండి," అన్నారెవరో. మళ్ళీ మొదలుపెట్టింది. "ఈయన కళ్ళు బాగున్నాయి. ఈయన లేదన్న చేప నిజంగానే లేదు. ఉందని నేను అబద్ధం రాశాను. అది అచ్చులో పడింది. దాని మీదే నాకు పెద్ద డిగ్రీ వచ్చింది. చెన్నై అమ్మాయి వచ్చి అడిగినప్పుడు కూడా నిజం చెప్పలేదు. ఈయన చలిలో వెతుకుతుంటే ఒడ్డున నిలబడి చూశాను. ఈయనది తప్పని మీరంతా నవ్వుతుంటే విన్నాను."

పేకముక్కలు పట్టుకున్నవాళ్ళు అలాగే పట్టుకున్నారు. వెనక కూర్చున్న ఒక ముసలావిడ పక్కామెని, "ఏటంటన్నాదే? ఆ మేడమ్మే అబద్ధమాడిందా?" అని అడిగింది. పక్కామె అవునంది. ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కృపామణి కదలకుండా నిలబడే ఉంది. ఇంకేమైనా చెప్పాలేమోనని మత్స్యలింగం వైపు చూసింది. ఆయన ఆమెని చూడడం లేదు. కొడుకుని చూస్తున్నాడు.

మత్స్యరాజు లేచాడు. అతని కోపం అంతా ముఖంలోకి వచ్చింది. "సదువుకున్నోళ్ళు మీరు. మా అయ్యకి సదువు రాదు. మీరు రాసినారంటే ఆయన తన కళ్ళనే నమ్మలేదండి," అన్నాడు. అంతకంటే ఏదో అనబోయి ఆగిపోయి తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "రేపు నాలుగింటికి దిగుతాం. వొస్తావా?"

"పోటు సూసి సెప్తాను," అన్నాడు మత్స్యలింగం.

ఆమెతో ఎవరూ ఆటో దాకా రాలేదు. కామమ్మ కూడా అన్నానికి పిలవలేదు.

*

ఆ సాయంత్రమే వెంకటదుర్గకి ఫోను చేసింది. జరిగింది చెప్పింది.

"మూడు రోజులు వెతికించాను మేడమ్ ఆయన చేత," అంది ఆ అమ్మాయి. "ఆయన మొదటి రోజే చెప్పారు. నేను మీ పేపరు తీసి చూపించి వాదించాను." తర్వాత పత్రికకి సవరణ ఎలా పంపాలో చెప్పింది. చెప్పినదాంట్లో మర్యాదకి లోటు లేదు. మొదటి ఫోనులో ఉన్న ఆ ఉత్సాహం మాత్రం లేదు.

సవరణ నాలుగు వాక్యాలు. కృపామణి దాన్ని వారం రోజులు రాసింది. మొదట రాసినప్పుడు ఇంట్లో అనారోగ్యం వల్ల అని ఒక మాట ఉంది. కొట్టేసింది. చీటీ చెరిగిపోయిన సంగతి, స్థలం తెలియకుండానే రాసిన సంగతి, తేదీ కల్పించిందన్న సంగతి, లోతూ ఉప్పూ వేరే రోజువన్న సంగతి ఉంచింది. గైడుకి రిటైరై చాలా ఏళ్ళయింది. ఆమె రాసిన ఉత్తరం అందాక ఆయన ఒక్కసారి ఫోను చేసి, "నా పేరు కూడా ఉందమ్మా ఆ వ్యాసం మీద," అని పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. యూనివర్సిటీ వాళ్ళు సంజాయిషీ అడిగారు. రాసిచ్చింది. డిగ్రీ ఉంటుందో ఊడుతుందో ఇంకా తేల్చలేదు. ప్రిన్సిపాలు గదిలోకి పిలిచి, కాలేజీ పేరు ఎక్కడా రానివ్వొద్దని మాత్రం చెప్పాడు. డిపార్టుమెంటు హెడ్డుగా ఆమె స్థానంలో ఇంకొకరిని వేశారు. స్టాఫ్‌రూములో ఆమె రాగానే మాటలు ఆగిపోవడం కొన్ని వారాలు సాగింది. తర్వాత వాళ్ళకి అలవాటైపోయింది. ఆమెకి కాలేదు.

ఇంట్లో నాన్నకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ పెద్దాయన ఎలా ఉన్నాడిప్పుడు?" అని అడిగాడు.

మళ్ళీ వేటకి వెళ్తున్నాడని చెప్పింది. అది నిజమే. వెంకటదుర్గ చెప్పింది. ఆ అమ్మాయి తన పని మొత్తం కొత్తరేవుకే మార్చుకుంది. ఆ ఐదు చేపల కోసం కాదు, ఆ ఏట్లో నిజంగా ఉన్న చేపలన్నీ మత్స్యలింగం చెబుతుంటే రాయడానికి. నలభై రకాలు దాటాయట. ఐదు చేపలు ఎక్కడివో ఎవరికీ తెలియలేదు, ఇక తెలిసే దారీ లేదు.

డిసెంబరులో ఆ అమ్మాయే పిలిచింది. "రెండో మనిషి కావాలి మేడమ్. నేను కొలుస్తుంటే రాయడానికి ఎవరూ లేరు. మీకు ఇష్టమైతేనే."

తాతగారు ఏమన్నారని అడిగింది కృపామణి.

"అడిగాను. రమ్మను, రాతే కదా అన్నారు."

ఆమె వెళ్ళింది. పొద్దు బాగా ఎక్కింది, నీళ్ళు వెనక్కి తీస్తున్నాయి. మత్స్యలింగం ఆమెని చూసి తల ఊపాడు. పలకరింపు అంతే. వల లాగి, ఇసుక మీద దులిపి, సన్న చేపల్ని ఒక్కొక్కటీ ఏరి పళ్ళెంలో వేస్తున్నాడు. కృపామణి నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున కూర్చుంది.

"ఇది ఇసకదొందు. మచ్చ తోక మీదున్నాది, వీపు మీద కాదు. మొగకి ఈవలేపు, మోకాలి లోతు." ఆమె రాసింది. "ఇది జెల్లపిల్ల. ఇది ఇంకో దొందు, రాతికి అంటుకున్నాది. నడుం లోతు."

పది పన్నెండు అయ్యాక ఆయన వల పక్కన పెట్టి వచ్చి ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆరేళ్ళు ఆమె ఆయన పక్కన కూర్చుని రాసుకుంది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన పుస్తకంలోకి తొంగి చూడలేదు.

"ఏటి రాసినారో సదవండి," అన్నాడు.

ఆమె మొదటి వరస నుంచి చదివింది. ఆయన కళ్ళు మూసుకుని, ఒక్కొక్కదానికీ తల ఊపుతూ విన్నాడు. ఏడోది చదవగానే చెయ్యెత్తాడు.

"మొగకి ఆవలేపు కాదు. ఈవలేపు."

కృపామణి ఆ మాట కొట్టేసి పైన ఈవల అని రాసింది. రాసింది మళ్ళీ చదివి వినిపించింది.

"ఆఁ," అన్నాడు ఆయన. "ఇప్పుడు తరవాతది సదవండి."